హార్వర్డ్‌లో 1772కి ముందు విద్యార్థుల వరుస ఎలా తేల్చేవారు?

అమెరికా కాలేజీల తొలినాళ్ల మీద ఎంఏ ప్రాజెక్ట్ రాస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను. 1772 బ్యాచ్ వరకు హార్వర్డ్‌లో విద్యార్థుల పేర్లు అక్షర క్రమంలో ఉండవు, మార్కుల ప్రకారమూ ఉండవు. కుటుంబ హోదాను బట్టి ఉంటాయి. చాపెల్‌లో (కాలేజీ ప్రార్థన మందిరంలో) కూర్చోవడం, భోజనాల దగ్గర వడ్డన కూడా ఆ వరుసలోనే. తప్పు చేస్తే వరుసలో కిందికి దించేవారు, అది పెద్ద శిక్షే!

గవర్నర్ల, న్యాయాధికారుల కొడుకులు పైన ఉండటం అర్థమవుతుంది. చిక్కు మధ్యలో వస్తోంది. 1755లో పట్టా తీసుకున్న జాన్ ఆడమ్స్ (తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు) తండ్రి రైతు, చర్చి డీకన్ (సంఘ సేవకుడు). అయినా కొడుక్కి 14వ స్థానం వచ్చింది. తల్లి పేరున్న బాయిల్‌స్టన్ కుటుంబంలో పుట్టినది కావడం వల్లేనా?

పూర్వ విద్యార్థుల జీవిత చరిత్రల సంపుటాలు తిరగేశాను, వరుస ఉంది కానీ కారణం దొరకలేదు. ఆన్‌లైన్‌లో 'ర్యాంక్' అని వెతికితే అన్నీ ఇప్పటి యూనివర్సిటీ ర్యాంకింగులే. మా లైబ్రరీలో అడిగినా లాభం లేకపోయింది.

హోదా లేని సాధారణ కుటుంబాల పిల్లల్లో ఎవరు ముందో ఏ లెక్కన తేల్చేవారో వివరించే పుస్తకం గానీ, కాలేజీ రికార్డు గానీ ఎవరికైనా తెలుసా?