ఎనర్జీ ఇంజినీరింగ్‌కు ప్రత్యేక బీటెక్ శాఖ అవసరమా?

కూకట్‌పల్లి అధ్యాపకుడు:
నేను పనిచేసే కళాశాలలో ఎనర్జీ ఇంజినీరింగ్ పేరుతో నాలుగేళ్ల బీటెక్ ప్రారంభించాలనే ప్రతిపాదన వచ్చింది. సమావేశంలో నేనొక్కడినే అసమ్మతి తెలిపాను. నా కారణాలు నిలుస్తాయో లేదో ఇక్కడి పెద్దలు చెప్పాలని కోరుతున్నాను. 2030 నాటికి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం సాధించాలని దేశం లక్ష్యంగా పెట్టుకుంది కనుక ఈ రంగానికి నిపుణులు కావాలనడంలో నాకు సందేహం లేదు. అయితే సౌర ఫలకాల ఏకముఖ విద్యుత్తును ప్రత్యావర్తన విద్యుత్తుగా మార్చి గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్ అర్థం కావాలంటే పవర్ ఎలక్ట్రానిక్స్ లోతుగా రావాలి. బ్యాటరీ ఎందుకు వేడెక్కుతుందో చెప్పాలంటే విద్యుత్ రసాయన శాస్త్రం, ఉష్ణ ప్రసరణ రెండూ రావాలి. ఇవన్నీ ఒక్కొక్క సెమిస్టరు చెప్పి పంపితే దేనిలోనూ పట్టు లేని పట్టభద్రులు తయారవుతారు. పునాది మూల శాఖల్లోనే వేసి, ఎనర్జీని ఎంటెక్‌కూ పరిశోధనకూ ఉంచాలన్నది నా వాదన.

తార్నాక పరిశోధకురాలు:
బ్యాటరీ పదార్థాలపై పనిచేస్తున్నదానిగా మీతో విభేదిస్తున్నాను సార్. మా ప్రయోగశాలకు వచ్చే ఎలక్ట్రికల్ విద్యార్థులు ఎలక్ట్రోడ్ గురించి ఇంటర్‌లో చదివినదే ఆఖరు. కెమికల్ విద్యార్థులకు ఇన్వర్టర్ పరిచయమే ఉండదు. ఎంటెక్ దాకా ఆగుదామంటే, ఈలోగా చురుకైనవారు సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరిపోతున్నారు, ఎంటెక్ సీట్లు ఖాళీగా మిగులుతున్నాయి. ఐఐటీ ఢిల్లీ 2021లో 40 సీట్లతో ఎనర్జీ ఇంజినీరింగ్ బీటెక్ మొదలుపెట్టింది. వారికి లేని అభ్యంతరం మనకెందుకు?

కూకట్‌పల్లి అధ్యాపకుడు:
మేడమ్, అక్కడ శక్తి అధ్యయన కేంద్రం 1976లోనే ఏర్పడింది. బీటెక్ పిల్లలను చేర్చుకునే నాటికి వారి చేతిలో నాలుగున్నర దశాబ్దాల పరిశోధన, ప్రయోగశాలలు, ఆ విషయంలోనే పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులు ఉన్నారు. మా ప్రతిపాదనలో మొదట ఉన్నది సీట్ల సంఖ్య; ప్రయోగశాల ప్రస్తావన ఆఖరి పేజీలో, అదీ రెండు వాక్యాల్లో ఉంది.

వనస్థలిపురం విశ్రాంత ఇంజినీరు:
ఇద్దరూ శాఖ పేరు గురించే వాదిస్తున్నారు కనుక పని స్వభావం గురించి కొంత చెప్పనివ్వండి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. నీటిని దిగువకు వదిలి విద్యుత్ తీయడానికీ, విద్యుత్ మిగిలిన వేళ అదే నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయడానికీ పనికివచ్చేలా వాటిని రూపొందించారు. మధ్యాహ్నం సౌర విద్యుత్ పుష్కలంగా వచ్చి, పొద్దుగూకాక ఇళ్లలో వాడకం పెరిగే ఈ రోజుల్లో, ఏ గంటలో ఎత్తిపోయాలి, ఏ గంటలో వదలాలి అన్నది ఒక్క ఎలక్ట్రికల్ ఇంజినీరు తేల్చగలిగేది కాదు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, టర్బైన్ల అరుగుదల, దిగువన నాగార్జునసాగర్ నీటిమట్టం, ఆయకట్టు అవసరం, ఆ గంటకు మార్కెట్లో యూనిట్ ధర, ఇవన్నీ ఒకేసారి లెక్కలోకి రావాలి. మా తరం దీన్ని ఉద్యోగంలో దెబ్బలు తింటూ నేర్చుకుంది. ఇది తరగతి గదిలో నేర్పదగినదేనని నా నమ్మకం, ఆ మేరకు నేను అమ్మాయిగారి పక్షం.

కానీ విద్యుత్ సంస్థల సహాయ ఇంజినీరు నోటిఫికేషన్లు చూడండి. పోస్టులను ఎలక్ట్రికల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్, సివిల్ అని విభజిస్తారే తప్ప ఎనర్జీ అనే గడి కనిపించదు. నియామక నిబంధనలు మార్చకుండా శాఖ తెరిస్తే, తత్సమాన పత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసింది పిల్లలే. ఇంకొకటి: 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ ఇస్తున్నారు. ఒక్కొక్క ఫీడరుపై, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే ఒక్కొక్క విద్యుత్ లైనుపై, పంపుసెట్ల భారం గంటగంటకూ ఎలా మారుతోందన్న సమాచారం పరిశోధక విద్యార్థుల చేతికి వస్తే ఎన్నో పీహెచ్‌డీలకు సరిపడా పని ఉంటుంది.

ఉప్పల్ నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి ఈ ఏడాది ఎప్‌సెట్ రాస్తోంది. ప్రభుత్వ కొలువు సంగతి అలా ఉంచితే, ఈ చదువుకు బయట గుర్తింపు ఉంటుందా అండీ?

తార్నాక పరిశోధకురాలు:
ఒక దారి ఖాయంగా ఉందండీ. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద అధికంగా ఇంధనం వాడే పరిశ్రమలు గుర్తింపు పొందిన ఎనర్జీ ఆడిటర్లతో తనిఖీ చేయించుకోవాలి. ఇంధన సామర్థ్య బ్యూరో నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ల ధ్రువీకరణ పరీక్షను ఇంజినీరింగ్ పట్టా, మూడేళ్ల పని అనుభవం ఉన్నవారు రాయవచ్చు.

అధ్యాపకుల వారికి ఒక మాట. ప్రయోగశాలలు లేవన్న మీ అభ్యంతరం న్యాయమైనదే కానీ, ఈ నగరంలో దానికి విరుగుడు ఉంది. బాలాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పదార్థ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో లిథియం బ్యాటరీ పదార్థాలపై పని జరుగుతోంది. కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ (సీపీఆర్‌ఐ) అత్యధిక వోల్టేజీ ప్రయోగశాల ఉప్పల్ దాటగానే ఉంది. బీహెచ్‌ఈఎల్ పరిశోధన కేంద్రం 2021లో మన బూడిద ఎక్కువగల బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్రయోగాత్మక కర్మాగారాన్ని నడిపింది. మన విద్యార్థులు ఇలాంటి చోట్లకు ఒకపూట విహారానికి వెళ్లినట్లు వెళ్లివస్తున్నారు. ఉమ్మడి పర్యవేక్షణలో ఏడాదిపాటు అక్కడే ప్రాజెక్టు చేయించవచ్చు కదా?

కూకట్‌పల్లి అధ్యాపకుడు:
దానికి నా అంగీకారం ఉంది. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే మూల శాఖ పట్టాతోపాటు మరో విషయంలో మైనర్, అంటే అనుబంధ పట్టా ఇచ్చే వెసులుబాటు ఇప్పటికే ఉంది కనుక, ఎనర్జీని మైనర్‌గా పెట్టి ఆ ప్రాజెక్టును దానికి జోడించవచ్చు. అలా చేస్తే మూల శాఖా చెడదు, నియామకాల చిక్కూ రాదు.

తార్నాక పరిశోధకురాలు:
మైనర్‌తో విద్యార్థి గట్టెక్కుతారు గానీ విభాగం పుట్టదు సార్. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్న లెక్కమీదే పోస్టులు అడుగుతారు. సొంత విద్యార్థులు లేని విషయానికి పోస్టులు రావు. శాశ్వత అధ్యాపకులు లేనిచోట అయిదేళ్లపాటు నిలిచే పరిశోధన సాగదు. ఇన్నాళ్లూ ఎనర్జీ ఎవరో ఒకరు ఖాళీ వేళల్లో చెప్పే ఐచ్ఛికంగానే మిగిలిపోవడానికి కారణం ఇదే.

కూకట్‌పల్లి అధ్యాపకుడు:
ఈ కోణం నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. అసమ్మతి పత్రాన్ని తిరగరాస్తున్నాను. మొదటి రెండేళ్లు ఎలక్ట్రికల్‌తో ఉమ్మడిగా ఉండాలి. మూడో ఏట ఎనర్జీ వైపు వెళ్లేవారికి కూడా పట్టాలో ఎలక్ట్రికల్ పేరు నిలవాలి. శాశ్వత పోస్టులు మంజూరై, ఒక్క పరిశోధన సంస్థతోనైనా ఒప్పందం కుదిరిన తరువాతే సీట్లు ప్రకటించాలి. ఫీడర్ల సమాచారం కోసం విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు) రాయవలసిన లేఖ ముసాయిదాను విశ్రాంత ఇంజినీరు గారు ఒకసారి చూసిపెడతారా?

వనస్థలిపురం విశ్రాంత ఇంజినీరు:
పంపండి మాస్టారూ. వినియోగదారుల పేర్లు అడగవద్దు. ఫీడరు వారీగా గంటకొక రీడింగు చాలునని మొదటి పేరాలోనే రాయండి.