థోర్ కామిక్స్ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? సుత్తి ఎత్తే రూల్ పాత కథల్లో కూడా ఉందా?

కృష్ణలంక_వాన:
అందరికీ నమస్తే. 2011 దగ్గర్నుంచి వచ్చిన థోర్ సినిమాలన్నీ చూసేశాను, మా చెల్లి కూడా చూసింది (ఇంటర్ సెకండియర్), ఇప్పుడు ఇద్దరం కామిక్స్ చదువుదాం అనుకుంటున్నాం గానీ ఎక్కడ పట్టుకోవాలో అర్థం కావట్లేదు. 1962 నుంచి వస్తున్నాయంట, మధ్యలో చాలాసార్లు మళ్ళీ ఒకటో నంబర్ నుంచి మొదలెట్టారంట, ఏది ముందో ఏది వెనకో తెలీట్లేదు. నాకు ఓపిక ఉంది, కానీ మొదటి పుస్తకమే బోర్ కొడితే చెల్లి పక్కన పడేస్తుంది, అందుకే అడుగుతున్నా.

ఇంకో డౌట్. ఉరుములు మొదలవగానే మా నాయనమ్మ అర్జునా ఫల్గుణా అంటుంది, మా చెల్లేమో థోర్ వచ్చాడు అంటుంది. మనకి ఇంద్రుడూ వజ్రాయుధం, ఉత్తర యూరప్ వాళ్ళకి ఉరుముల దేవుడు థోరూ సుత్తీ, అంతవరకు ఓకే. కానీ అర్హత ఉన్నవాడే ఎత్తగలడు అనే రూల్ వాళ్ళ పురాణాల్లోనే ఉందా, లేక కామిక్ వాళ్ళు కలిపారా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఏలూరురోడ్డు_పాతపుస్తకం:
మంచి ప్రశ్న తమ్ముడూ. రూల్ సంగతి ఎవరైనా పురాణాలు చదివినవాళ్ళు చెప్తారు, నేను కామిక్స్ వరకు చెప్తా.

మొదటి కథ జర్నీ ఇంటు మిస్టరీ అనే పత్రిక 83వ నంబర్, 1962 ఆగస్టు. స్టాన్ లీ, ఆయన తమ్ముడు లారీ లీబర్, బొమ్మలు జాక్ కిర్బీ. అందులో హీరో డోనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరు, నార్వే వెళ్తాడు, అక్కడ శని గ్రహం నుంచి రాతి మనుషులు దిగుతారు, ఈయన తప్పించుకుని గుహలో దూరితే ఒక కర్ర దొరుకుతుంది, దాన్ని రాయికేసి కొడితే సుత్తి అవుతుంది, ఈయన థోర్ అయిపోతాడు. సుత్తి చేతిలోంచి పోయి 60 సెకన్లు దాటితే మళ్ళీ డాక్టరే. సినిమాల్లో ఈ డాక్టరు దాదాపు లేడు కాబట్టి మీకు కొత్తగా ఉంటుంది.

కానీ నిజం చెప్పాలంటే ఆ మొదటి ఏడాది కథలు మీ చెల్లికి పెట్టొద్దు. అసలు రుచి 97వ నంబర్ నుంచి వెనక పేజీల్లో దేవుళ్ళ లోకం ఆస్గార్డ్ గురించి వచ్చిన టేల్స్ ఆఫ్ ఆస్గార్డ్‌తో మొదలవుతుంది, అక్కణ్ణుంచి కిర్బీ చెయ్యి ఆగదు, 126వ నంబర్ నుంచి (1966) పత్రిక పేరే థోర్ అని మార్చేశారు, బతికున్న గ్రహం ఈగో అనీ, చచ్చిపోయిన కోట్ల మంది పగ అంతా ఒక్క ఒంట్లో చేరిన మాంగాగ్ అనీ ఆ బుర్రలోంచి వచ్చినవే. ఆ బొమ్మల్ని పేజీ మొత్తం పరుచుకుని చూడాలి, ఫోన్‌లో చూస్తే సగం పోతుంది. కిర్బీ 1970లో ఈ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు.

మొదలెట్టాల్సింది మాత్రం 337వ నంబర్ దగ్గర, 1983 నవంబర్. వాల్టర్ సైమన్సన్, రాయడం ఆయనే గీయడం ఆయనే. ముందు కథ ఒక్క ముక్క తెలీకపోయినా పర్లేదు. గుర్రం మొహం ఉన్న బీటా రే బిల్ అనే గ్రహాంతరవాసి వస్తాడు, తన జాతి మొత్తం ఓడల్లో నిద్రలో ఉంటే వాళ్ళకి కాపలా కాసేవాడు, థోర్‌తో కొట్లాటలో సుత్తి అతని చేతికి వస్తుంది, ఎత్తేస్తాడు! మొదటిసారి ఇంకొకడు ఎత్తడం చూస్తే, అదీ చూడ్డానికి రాక్షసుడిలా ఉన్నవాడు ఎత్తితే, నాకైతే ఒళ్ళు జలదరించింది. తర్వాత థోర్ తండ్రి ఓడిన్ ఇద్దర్నీ పోటీ పెడితే బిల్లే గెలుస్తాడు, గెలిచి థోర్‌ని చంపకుండా కాపాడి తీసుకొస్తాడు. అప్పుడు అతని కోసం మరుగుజ్జులు చేసి ఇచ్చిందే స్టార్మ్‌బ్రేకర్. 2018 సినిమాలో థోర్ చేతిలో గొడ్డలిగా చూశారే, కామిక్స్‌లో అది బిల్ సుత్తి.

ఆ 337 మొదట్లోనే ఎవరో చీకట్లో కత్తి సాగగొడుతుంటారు, డూమ్ అని పేజీ నిండా పెద్ద అక్షరాలు (జాన్ వర్క్‌మన్ లెటరింగ్), నెలల తరబడి ఆ దెబ్బలు వినిపిస్తూనే ఉంటాయి, ఎవరో ఏంటో చెప్పడు. చివరికి సర్టర్ అనే అగ్ని రాక్షసుడు వచ్చినప్పుడు తండ్రి, ఇద్దరు కొడుకులు, ఎప్పుడూ ఎదురు తిరిగే తమ్ముడు లోకీతో సహా ఒకే వైపు నిలబడతారు. ఇంతకంటే చెప్పను, చదవండి.

బ్రాడీపేట_సిస్టర్:
పైన చెప్పినవి అన్నీ బాగున్నాయి గానీ ఇంటర్ చదివే అమ్మాయికి ముందు జేన్ ఫాస్టర్ థోర్ ఇవ్వండి అంటాను నేను. 2014లో మొదలైంది, రాసింది జేసన్ ఆరన్, బొమ్మలు రస్సెల్ డాటర్‌మన్. జేన్ 1962 నుంచీ ఉన్న పాత్రే, అప్పట్లో డాక్టర్ బ్లేక్ దగ్గర నర్సు, పాపం ఎంతసేపూ ఆయన కోసం ఎదురుచూడ్డమే పని. అదే జేన్ ఇక్కడ డాక్టరు, రొమ్ము క్యాన్సర్‌తో ఉంది, చంద్రుడి మీద పడి ఉన్న సుత్తిని ఎత్తింది ఆమే. ఎత్తిన ప్రతిసారీ ఒళ్ళు మారిపోతుంది, బలం వస్తుంది, మెరుపులు వస్తాయి, కానీ ఆ మారడంలో కీమో మందు మొత్తం విషం కింద లెక్కేసి కడిగేస్తుంది సుత్తి, క్యాన్సర్ మాత్రం తన ఒంటిదే కాబట్టి అలాగే ఉంటుంది. అంటే లోకాన్ని కాపాడిన ప్రతిసారీ ఆమె ట్రీట్‌మెంట్ మొదటికి వచ్చేస్తుంది, తెలిసీ ఎత్తుతుంది.

నేను క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. కీమో ఎక్కాక ఆ వాంతులు, జుట్టు రాలడం, రెండు మెట్లు ఎక్కేసరికి ఆయాసం, అదంతా తట్టుకుని మళ్ళీ తారీఖుకి వచ్చి కూర్చునే ఆడవాళ్ళని రోజూ చూస్తాను, ఇంట్లో వంట చేసి పిల్లల్ని బడికి పంపి వచ్చేవాళ్ళు ఉంటారు. ఆ బొమ్మల్లో జేన్ తలకి గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్న పేజీలు చూస్తే గీసినవాళ్ళు వార్డు చూసి గీశారు అనిపించింది నాకు. దేవుళ్ళ కథలో రోగం గురించి ఇంత మర్యాదగా రాసినది నేను ఇంకోటి చదవలేదు. ఆడపిల్ల చేతికి సుత్తి ఇచ్చారని అప్పట్లో గొడవ చేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చదవకుండానే మాట్లాడారని నా నమ్మకం.

తెనాలి_అరుగు:
రూల్ గురించి అడిగారు కదా, నేను చెప్తాను. లేదండి, పాత కథల్లో ఎక్కడా లేదు. అది పూర్తిగా కామిక్స్ వాళ్ళ కల్పనే, ఆ మొదటి కథలోనే సుత్తి మీద రాసి ఉంటుంది, ఇది పట్టుకున్నవాడు యోగ్యుడైతే థోర్ శక్తి అతనికి వస్తుందని.

పాత కథల్లో థోర్ ఎర్ర గడ్డం మనిషి, మేకలు లాగే బండి, ఆ మేకల్నే రాత్రి కోసి తిని పొద్దున సుత్తితో మళ్ళీ బతికిస్తాడు. సుత్తి పట్టుకోవాలంటే ఇనప చేతితొడుగులు ఉండాలి, బలానికి నడుముకి పట్టీ ఉండాలి, యోగ్యత ఊసే లేదు. పిడి పొట్టిగా ఉండడానికి కారణం లోకీ, మరుగుజ్జులు దాన్ని కొలిమిలో చేస్తుంటే ఈగై వచ్చి కుట్టాడు, తిత్తి ఊదేవాడు ఒక్క క్షణం చెయ్యి తీశాడు, పిడి అలా వచ్చింది. ఇవన్నీ ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసి పెట్టడం వల్ల మనదాకా వచ్చాయి. ఆ లోకీ కూడా థోర్ తమ్ముడు కాదు, ఓడిన్‌తో నెత్తురు కలిపి అన్నదమ్ములైనవాడు, వరస కడితే థోర్‌కి బాబాయి లెక్క.

అసలు ఒకసారి థ్రిమ్ అనే రాక్షసుడు ఆ సుత్తిని దొంగిలించి భూమి లోతున దాచేస్తాడు! ఫ్రేయా అనే దేవతని నాకిచ్చి పెళ్ళి చేస్తేనే ఇస్తానంటాడు. అప్పుడు థోర్‌కే పెళ్ళికూతురి ముసుగు వేసి, లోకీని తోడుపెళ్ళికూతురిగా పంపిస్తారు. పెళ్ళి విందులో ఆ పెళ్ళికూతురు ఒక ఎద్దునీ ఎనిమిది సాల్మన్ చేపల్నీ తినేస్తుంది, ఆశీర్వాదానికని సుత్తి తెచ్చి ఒళ్ళో పెడతారు, ఇంకేముంది, అందరూ అక్కడే అయిపోతారు. మన నర్తనశాలలో కీచకుడి దగ్గరికి వెళ్ళిన భీముడు గుర్తొస్తాడు కదా. చూడండి, దొంగ రాక్షసుడు ఎత్తుకుపోగలిగాడంటే ఇంక యోగ్యత రూల్ ఎక్కడిది.

ఇంద్రుడి విషయానికి వస్తే, ఇద్దరూ ఉరుము దేవుళ్ళు, ఇద్దరికీ పాముతో పోరు (ఇంద్రుడికి వేదంలో వృత్రుడు, థోర్‌కి సముద్రంలో ఉండే మహాసర్పం), ఈ రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయని భాషా పండితులు చెప్తారు. కానీ మీరు అడిగిన యోగ్యత అనే భావం మాత్రం నాకు మన భాగవతంలోనే కనిపిస్తుంది. షష్ఠ స్కంధంలో, ఏర్చూరి సింగన తెలుగు చేసిన భాగం, దధీచి ఎముకలతో చేసిన వజ్రం యుద్ధంలో ఇంద్రుడి చేతిలోంచి జారి కిందపడుతుంది. శత్రువు ఎదురుగా వంగి తీసుకోడానికి ఇంద్రుడు సిగ్గుపడి ఆగిపోతాడు. అప్పుడు వృత్రాసురుడే, తనని చంపబోయే ఆయుధం అని తెలిసి కూడా, ఇది విచారించే సమయం కాదు తీసుకో అని చెప్తాడు. ఆయుధం బరువు కాదు అక్కడ ఆపింది, మనసు. ఎత్తగలిగీ ఎత్తలేకపోవడం! ఆరన్ కథలో థోర్‌కి జరిగింది ఇదే అనిపిస్తుంది నాకు.

కృష్ణలంక_వాన:
అయ్యబాబోయ్ చాలా థాంక్స్ అండి తెనాలి గారూ, ఇంద్రుడు సిగ్గుపడే ఘట్టం నాకసలు తెలీదు, నాయనమ్మని అడిగితే తనకి వృత్రాసురుడు తెలుసు కానీ ఈ ముక్క గుర్తులేదంది, ఇప్పుడు భాగవతం కూడా దించమంటోంది అటక మీంచి. సిస్టర్ గారూ, చెల్లికి మీ మాటలు చదివి వినిపించా, జేన్ కథే కావాలంది. నేను సైమన్సన్‌తో మొదలెడతా. ఆరన్ కథలో థోర్‌కి ఏం జరిగిందో కొంచెం చెప్పండి ఎవరైనా, సుత్తి చంద్రుడి మీద ఎలా పడింది?

ఏలూరురోడ్డు_పాతపుస్తకం:
2014లో ఒరిజినల్ సిన్ అని ఒక కామిక్ కథ వచ్చింది, అందులో నిక్ ఫ్యూరీ అనే గూఢచారి థోర్ చెవిలో ఒక మాట చెప్తాడు, అంతే, సుత్తి జారి చంద్రుడి మీద పడిపోతుంది, మళ్ళీ ఎత్తలేడు. ఆ మాటేంటో చాలాకాలం పాఠకులకి చెప్పలేదు, నేనూ చెప్పను.

కానీ దానికి ముందు ఒకటి చదవాలి. చెల్లి జేన్‌తో మొదలెట్టినా సరే, 2012లో వచ్చిన థోర్ గాడ్ ఆఫ్ థండర్ మొదటి 11 నంబర్లు ముందు ఇవ్వు, బొమ్మలు ఎక్కువ ఎసాద్ రిబిచ్, రంగులతో వేసిన పెయింటింగుల్లాగే ఉంటాయి. గోర్ అనే ఒకడు, పిల్లలు ఆకలితో చచ్చిపోతుంటే దేవుళ్ళని వేడుకున్నాడు, ఒక్కరూ పలకలేదు, ఇక దేవుడన్నవాణ్ణల్లా చంపుకుంటూ పోతాడు. అతన్ని ఎదిరించేది ముగ్గురు థోర్‌లు, ఇంకా సుత్తి ఎత్తే యోగ్యత రాని కుర్ర థోర్, ఇప్పటి థోర్, ఒక కన్నూ ఒక చెయ్యీ పోయి ఖాళీ ఆస్గార్డ్‌లో మిగిలిన ముసలి థోర్. 2022 సినిమాలో గోర్‌ని చూసి ఇంతేనా అనుకుని ఉంటే ఆ అభిప్రాయం పక్కన పెట్టి చదవండి. గోర్ అడిగిన ప్రశ్న తలలో ఉంటేనే ఫ్యూరీ చెప్పిన మాట తగులుతుంది.

పుస్తకాలకి లెనిన్ సెంటర్‌లో పాత షాపులు తిరిగి చూడు, విడి నంబర్లు దొరకొచ్చు గానీ వరసగా దొరకడం కష్టం, సైమన్సన్‌ది మాత్రం ఆయన కథలన్నీ కలిపిన సంపుటాలు ఉన్నాయి, అవే కొనుక్కో.

బ్రాడీపేట_సిస్టర్:
అవును, గోర్ ముందు చదివించండి, జేన్ తర్వాత. జేన్ కథలో 705, 706 నంబర్లు (2018) వచ్చేసరికి మాత్రం మీరు పక్కన ఉండండి, అవి ఒక్కర్తినే చదవనివ్వద్దు.