టస్కనీలో ఏడు రోజుల అద్దె కారు: కౌంటర్ దగ్గర అమ్మే పూర్తి కవర్ తీసుకోవాలా, వద్దా?

కృష్ణాతీరం
మే నెలలో హైదరాబాద్ నుంచి ఇటలీ వెళ్తున్నాం. మేమిద్దరం, అత్తమ్మ, మావయ్య, ఆరేళ్ళ పాప. ఫ్లోరెన్స్ విమానాశ్రయంలో కారు తీసుకుని ఏడు రోజుల తర్వాత అక్కడే అప్పగించాలి. బ్రోకర్ సైటులో ఆటోమేటిక్ కారుకు 238 యూరోలు చూపిస్తోంది. ఎక్సెస్ 1,500, డిపాజిట్ కూడా అంతే. బ్రోకర్ కవర్ మొత్తం 56. కౌంటర్ కవర్ రోజుకు 28 చొప్పున 196, అది తీసుకుంటే డిపాజిట్ 300కి దిగుతుంది. ఏది మేలు?

లెక్కలపుస్తకం
కౌంటర్ కవర్ వద్దండి. ఇటలీలో అద్దె ధరలోనే ప్రమాద నష్టానికి, దొంగతనానికి కవర్ కలిసి ఉంటుంది. ఎక్సెస్ అంటే నష్టం జరిగితే మన జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం. 1,500 దాటినదంతా కంపెనీయే భరిస్తుంది. కాబట్టి మీరు 196 పెట్టి కొనేది కారుకు బీమా కాదు, ఆ 1,500కి బీమా. బ్రోకర్ అదే 1,500కి 56 అడుగుతున్నాడు. తేడా 140 యూరోలు. మామూలు కవర్‌లో లేని టైర్లు, అద్దాలు, అడుగుభాగం, పైకప్పు కూడా చాలా బ్రోకర్ కవర్లలో ఉంటాయి. షరతుల్లో ఆ నాలుగు మాటలూ వెతికి చూసుకోండి.

మిగతా జాగ్రత్త మీ ఫోన్ కెమెరా చేతిలో ఉంది. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు అద్దం, ముందు బంపర్ కింది అంచు, పైకప్పు, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె ఫోటోలు తీయండి. కాగితం మీద లేని గీత కనిపిస్తే అక్కడే రాయించి సంతకం పెట్టించండి. తిరిగి ఇచ్చేటప్పుడూ అవే ఫోటోలు, పార్కింగ్ గడి నంబరుతో సహా. ఆఫీసు మూసిన వేళలో తాళం పెట్టెలో వేసి వెళ్తే, వాళ్ళు పొద్దున వచ్చి చూసేదాకా బాధ్యత మీదే.

ఓరుగల్లు_బాట
కౌంటర్ల సంతకం పెట్టే ముందు టాబ్లెట్ల ఏ గడిల టిక్ ఉన్నదో చూడున్రి. ఒక్కసారి సంతకమైతే మళ్ల వాపస్ రాదు.

సాగరతీరం
లెక్కలపుస్తకం గారు, మీరు చెప్పినదాంట్లో సగమే ఉంది. బ్రోకర్ కవర్ అంటే ముందు మన డబ్బు పోయాక తిరిగిచ్చేది. కారుకు గీత పడితే అద్దె కంపెనీ మన కార్డు మీద 600 యూరోలో, 900 యూరోలో కోసేస్తుంది. ఆ తర్వాత మనం క్లెయిమ్ వేయాలి. అద్దె ఒప్పందం, నష్టం నివేదిక, ఫోటోలు, మరమ్మతు బిల్లు, డబ్బు కోసినట్టు చూపే కార్డు స్టేట్‌మెంట్ కావాలి. వేరే బండి తగిలితే ఇద్దరు డ్రైవర్లూ సంతకం చేసిన నీలం ఫారం, దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు కూడా. ఎక్కువగా ఆగిపోయేది మరమ్మతు బిల్లు దగ్గరే. కంపెనీలు నష్టం అంచనా కాగితం పంపుతాయి, బీమావాళ్ళు అసలు బిల్లు అడుగుతారు. ఈ ఉత్తరాల మధ్య నెలలు గడుస్తాయి. ఒప్పందంలో పేరు లేనివారు నడిపి ఉంటే క్లెయిమ్ అక్కడితో సరి.

కౌంటర్ కవర్ తీసుకుంటే గీత పడినా తాళం చేతికిచ్చి విమానం ఎక్కుతారు. ఆ తేడాకే 140.

లెక్కలపుస్తకం
కౌంటర్ కవర్‌తోనూ అన్నీ పోవు. పెట్రోల్ కారులో డీజిల్ పోస్తే, తాళం పోతే, నిర్లక్ష్యం అని రాస్తే ఏ కవరూ పనిచేయదు. అంతా కవర్ అని కౌంటర్‌లో చెప్పే మాటను నమ్మి 140 ఎక్కువ ఇస్తున్నారు. 56కి కొన్నదాన్ని 196కి మళ్ళీ కొనడం నా లెక్కకు అందదు.

రైలుపక్షం
అసలు ఏడు రోజులూ కారు ఎందుకు? ఫ్లోరెన్స్ నుంచి పీసా, లూకా, సియెనా, అరెత్సో అన్నిటికీ రీజనల్ రైళ్ళున్నాయి. పీసాకి గంట, మనిషికి 10 యూరోలకు అటూఇటూ, పాపకు సగం. ఈ రైళ్ళకు ముందుగా కొన్నా, అప్పటికప్పుడు కొన్నా ధర ఒకటే. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, మరిస్తే జరిమానా. పార్కింగ్ వెతుకులాట లేదు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళని కారు ఆపిన చోటి నుంచి ఊరి పైదాకా నడిపించే పని లేదు.

లెక్కలపుస్తకం
పీసాకి నలుగురు పెద్దలు, ఒక పాప, రానుపోను 90 యూరోలు. కారులో వెళ్తే ఆ రోజు అద్దె 34. ఫ్లోరెన్స్, పీసా, లివోర్నో రోడ్డుకు టోల్ లేదు. రానుపోను 180 కిలోమీటర్లకు 11 లీటర్లు, లీటరు 1.75 వేసుకున్నా 19 యూరోలు. పార్కింగ్ 10. మొత్తం 63. ఇద్దరికైతే రైలు, ఐదుగురికైతే కారు. ఆ రోడ్డు మీద స్పీడ్ కెమెరాలు మాత్రం వరసగా ఉంటాయి.

రైలుపక్షం
ఆ 63లో బీమా ఏదండి? రోజుకు 8 కలిపినా, 28 కలిపినా మారిపోతుంది. పాప సీటు కూడా. కౌంటర్‌లో రోజుకు 12 అంటే ఏడు రోజులకు 84.

సాగరతీరం
సీటు అద్దెకు తీసుకోకండి. ఇటలీలో 150 సెంటీమీటర్ల ఎత్తు దాకా పిల్లలకు సీటు తప్పనిసరి. ఆరేళ్ళ పాపకు బూస్టర్ చాలు. అక్కడి సూపర్‌మార్కెట్లలో 30 యూరోల లోపే కొనొచ్చు. ఈసీఈ ఆర్44 లేదా ఆర్129 అని రాసిన నారింజ రంగు చీటీ ఉండాలి, ఇక్కడి నుంచి తీసుకెళ్ళినా అదే చూడాలి.

ఏ కవరూ కాయని ఖర్చు ఇంకొకటుంది, జెడ్‌టీఎల్. ఫ్లోరెన్స్, సియెనా, పీసా, లూకా పాతబస్తీల్లోకి అనుమతి లేని కారు వెళ్ళకూడదు. గేటు ఉండదు, కెమెరా ఒక్కటే ఉంటుంది. బోర్డు మీద 'వార్కో అత్తీవో' అని వెలిగితే దారి తెరిచి ఉందని చాలామంది పొరబడతారు. కెమెరా పనిచేస్తోంది, లోపలికి రావద్దని దాని అర్థం. 'నాన్ అత్తీవో' అంటేనే వెళ్ళొచ్చు. రెండు కెమెరాలు దాటితే రెండు జరిమానాలు రావచ్చు, ఒక్కోటి 80 నుంచి 100. అంతకంటే ముందే, మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ 40 నుంచి 60 దాకా కార్డు మీద కోస్తుంది. అది కట్టేశాం కదా, అయిపోయిందనుకోవద్దు. అసలు నోటీసు విదేశాల్లో ఉండేవాళ్ళకు 360 రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు. అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపు.

హోటల్ ఆ హద్దు లోపల ఉంటే చేరే ముందే కారు నంబరు వాళ్ళకిచ్చి నమోదు చేయించుకోండి. ఫ్లోరెన్స్ చూడటానికైతే ఏ1 మోటర్‌వే మీదే విల్లా కొస్తాంత్సా పార్కింగ్ ఉంది, అక్కడ కారు వదిలి టీ1 ట్రామ్‌లో ఊళ్ళోకి వెళ్ళొచ్చు.

నియమావళి
ఇంటర్నేషనల్ పర్మిట్ మరవకండి. మన లైసెన్స్ ఒక్కటే ఇటలీలో చాలదు. ఆర్టీఓలో 1,000 రూపాయల ఫీజు, ఏడాది చెల్లుబాటు. లైసెన్స్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే కౌంటర్‌లో ఆపుతారు. కార్డు మీద పేరు కూడా డ్రైవర్‌దే కావాలి. ఇవన్నీ ఇప్పుడే సరిచూసుకోండి.

లెక్కలపుస్తకం
మళ్ళీ అసలు ప్రశ్నకు వద్దాం. జెడ్‌టీఎల్ గురించి భయపెట్టి కౌంటర్ కవర్ అమ్మడం సరికాదు, ఆ జరిమానాకూ ఈ కవర్‌కూ సంబంధం లేదని సాగరతీరం గారే ఒప్పుకున్నారు. నేను మ్యూనిక్‌లో ఉంటాను. ఏడాదికోసారి విడిగా ఎక్సెస్ పాలసీ కొంటే ఎన్నిసార్లు కారు తీసుకున్నా అదే సరిపోతుంది, రోజుకు 8 కూడా పడదు. టూర్లు కట్టేవాళ్ళు ఖరీదైన కవర్‌నే ఎందుకు చెబుతారో చదివేవాళ్ళు ఆలోచించుకోవాలి.

సాగరతీరం
ఆ మాట నన్ను ఉద్దేశించే అన్నారు కాబట్టి సూటిగానే చెబుతాను. కుటుంబాలకు బుకింగులు చూడటం నా పని, దాచలేదు. కౌంటర్‌లో కొనే కవర్ మీద నాకు పైసా రాదు, ఆ డబ్బు పూర్తిగా అద్దె కంపెనీకే వెళ్తుంది. నాలాంటివాళ్ళకు కమీషన్ వచ్చేది బ్రోకర్ కవర్ మీద, అంటే మీరు కొనమంటున్నదాని మీద. అయినా నేను వద్దంటున్నాను.

ఎందుకో వినండి. మీరు చెప్పే ఏడాది పాలసీల్లో చాలావరకు యూరప్‌లోనో, బ్రిటన్‌లోనో నివాసం ఉన్నవాళ్ళకే. హైదరాబాద్ చిరునామాతో కొన్నా క్లెయిమ్ నిలవదు. మీ కార్డు యూరోల్లో ఉంది, మీ బ్యాంకు అక్కడుంది, కంపెనీతో జర్మన్‌లోనో ఇంగ్లిష్‌లోనో ఫోన్‌లో గట్టిగా అడగగలరు. ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. యూరోకి 100 రూపాయలు వేసుకుంటే డిపాజిట్ లక్షన్నర, అంతా క్రెడిట్ కార్డు మీదే. ఫారెక్స్ కార్డు ప్రీపెయిడ్ కాబట్టి చాలా కౌంటర్లు తీసుకోవు. డెబిట్ కార్డు తీసుకున్న చోట నిజంగానే డబ్బు కోసి తర్వాత తిరిగి వేస్తారు, మారకంలో రెండు వైపులా నష్టం. కార్డు పరిమితి చాలకపోతే కారు ఇవ్వరు, ముందుగా కట్టిన 238 కూడా మామూలుగా తిరిగి రాదు. ముసలివాళ్ళు, చిన్నపిల్ల, సామాను, విమానాశ్రయంలో కారు లేకుండా నిలబడటం. 140 యూరోలు నేను పెట్టమనేది గీతకు కాదు, దీనికి.

ఓరుగల్లు_బాట
గిది మొదలే చెప్పుంటే గింత లొల్లి లేకుండు.

లెక్కలపుస్తకం
కమీషన్ మాట అనకుండా ఉండాల్సింది, వెనక్కి తీసుకుంటున్నాను. నివాసం షరతు నిజమే, నేను దాన్ని లెక్కలో వేయలేదు. కానీ కార్డు పరిమితి ఉన్నవాళ్ళకు 140 ఇప్పటికీ వృథాయే. కృష్ణాతీరం గారు, మీ కార్డు పరిమితి ఎంత?

కృష్ణాతీరం
2 లక్షలు. కానీ హోటళ్ళకే 80 వేలు అయిపోతాయి. మిగిలేది లక్షా ఇరవై వేలు. మావయ్యగారికి క్రెడిట్ కార్డు లేదు. మా ఆవిడ కార్డు పరిమితి 3 లక్షలు, ఆమెకూ లైసెన్స్ ఉంది.

సాగరతీరం
అయితే ఆమెను ప్రధాన డ్రైవర్‌గా పెట్టండి, పర్మిట్ ఆమెకు కూడా తీయండి. మీరు రెండో డ్రైవర్, దానికి రోజుకు 10 దాకా అడుగుతారు. కార్డులో అంతర్జాతీయ వాడకం ముందే ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి కొత్త కార్డులకు అది మూసే ఇస్తున్నారు. మెషీన్ రూపాయల్లో కట్టమని అడిగితే వద్దని యూరోలే నొక్కండి. విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ కలిపి చాలా కార్డులకు 4.13 పడుతుంది, రూపాయలు నొక్కితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

రైలుపక్షం
ఒక్కమాట. పియెంత్సా, మొంతల్చీనో, వాల్ దోర్చా పల్లెలకు మాత్రం కారు తప్పదు, రైలుపక్షం వాడినైనా ఒప్పుకుంటాను. మొదటి నాలుగు రోజులు ఫ్లోరెన్స్‌లో రైలు, ట్రామ్. చివరి మూడు రోజులే కారు. అప్పుడు కౌంటర్ కవర్ కూడా 84కి వస్తుంది.

లెక్కలపుస్తకం
బ్రోకర్‌ది 24. తేడా 60. అయితే మూడు రోజుల అద్దె 102 రాదు, రోజులు తగ్గితే రోజు ధర పెరుగుతుంది. ఆ తేదీలు వేసి మళ్ళీ వెతకండి. ఐదుగురికీ నాలుగు పెద్ద పెట్టెలుంటే చిన్న కారు చాలదు. బుకింగ్‌లో కారు రకానికి ఇచ్చే నాలుగు అక్షరాల కోడ్‌లో రెండో అక్షరం డబ్ల్యూ అంటే వెనక పొడుగున్న కారు, మూడోది ఏ అంటే ఆటోమేటిక్. ఆ రెండూ ఉన్నది చూడండి.

కృష్ణాతీరం
మూడు రోజులే తీసుకుంటాం. ఆవిడ పేరు మీద, కౌంటర్ కవర్‌తో. ఊళ్ళోని ఆఫీసులో తీసుకుంటే 20 యూరోలు తక్కువ చూపిస్తోంది, అక్కడ తీసుకోవచ్చా?

సాగరతీరం
విమానాశ్రయంలోనే తీసుకోండి. ఊళ్ళో ఆఫీసులు మధ్యాహ్నం మూస్తాయి, ఆదివారం చాలావరకు తెరవవు, పైగా జెడ్‌టీఎల్ అంచునే ఉంటాయి. స్టేషన్ దగ్గర టీ2 ట్రామ్ ఎక్కితే విమానాశ్రయం దగ్గరే దిగుతారు. అద్దె 24 గంటల లెక్క. పొద్దున 10కి తీసుకుని చివరి రోజు 11కి ఇస్తే ఇంకో రోజు అద్దె పడుతుంది. తీసుకునే వేళను 11 అని బుక్ చేయండి.