యూదు మేధో చరిత్రలో పీహెచ్‌డీకి జర్మన్ ఒక్కటి చాలదా?

రవళి: యూరప్ యూదు ఆలోచనాపరుల మీద పరిశోధన చేసి అధ్యాపక వృత్తిలోకి వెళ్ళాలంటే జర్మన్ చాలని కొందరు, హీబ్రూ లేకపోతే దండగని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

చరిత్రపిచ్చి: వైమార్ కాలమైతే, అంటే 1919-33 మధ్య జర్మనీ అయితే, జర్మన్ చాలు. యూదు తత్త్వవేత్త రోజెన్‌జ్వైగ్ 1921 నాటి ముఖ్యగ్రంథం జర్మనే. యూదు మార్మికవాద చరిత్రకారుడు షోలెం 1923లో జెరూసలేం వెళ్ళాక కూడా తన మిత్రుడు, విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్‌కి ఉత్తరాలు జర్మన్‌లోనే రాశాడు. అసలు గండం చేతిరాత. కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ఇ (e), ఎన్ (n) దాదాపు ఒకేలా ఉంటాయి. యు మీద ఉండే చిన్న వంపుగీతే దాన్ని ఎన్ నుంచి విడదీస్తుంది. అచ్చయిన ఉత్తరం, దాని మూలప్రతి స్కాను పక్కపక్కన పెట్టుకుని సాధన చెయ్యండి. జర్మన్ యూదుల చరిత్ర పత్రాలు దాచే లియో బెక్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితం.

తాళపత్రం: షోలెం పేరెత్తి మీ వాదనకి మీరే గండి కొట్టుకున్నారు. పదిహేడో శతాబ్దంలో తానే మెస్సయ్యనని చాటుకున్న సబ్బతై జెవి ఉద్యమం మీద అతని 1937 వ్యాసం, 1957 పెద్ద పుస్తకం రెండూ ముందు వచ్చింది హీబ్రూలోనే. పద్దెనిమిదో శతాబ్దపు యూదు తత్త్వవేత్త మెండెల్సన్ అయితే ఇంకా చిక్కు. 1783 నాటి ‘జెరూసలేం’ జర్మన్, నిజమే. అదే రోజుల్లో అచ్చయిన అతని తోరా (బైబిల్ మొదటి ఐదు పుస్తకాలు) అనువాదం మాత్రం జర్మన్ భాష, హీబ్రూ అక్షరాలు, తోడుగా హీబ్రూ వ్యాఖ్యానం. మనం వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినట్టు. కాబోయే భార్య ఫ్రోమెట్‌కి రాసిన ఉత్తరాలూ హీబ్రూ అక్షరాల్లోనే.

చరిత్రపిచ్చి: మెండెల్సన్ రచనలకి సంపుటాలున్నాయి కదండీ. 1929లో మొదలై, 1938లో నాజీల హయాంలో ఆగి, 1970లలో మళ్ళీ సాగిన ప్రచురణలో హీబ్రూ రచనలకి జర్మన్ అనువాదాలూ ఉన్నాయి.

తాళపత్రం: ఏ మాట బైబిల్‌ది, ఏది యూదు ధర్మచర్చల గ్రంథం తల్మూద్‌ది అన్నది అనువాదంలో చెవికి అందదు. వాదన బలమంతా అక్కడే. ఇప్పటి వాడుక హీబ్రూ మాత్రమే నేర్చుకుని వచ్చేవాళ్ళు బోల్తా పడేదీ అక్కడే: వ్యాఖ్యానాలు తరచు రాషి లిపి అనే వేరే రకం హీబ్రూ అక్షరాల్లో ఉంటాయి, అడుగడుగునా సంక్షిప్తాలు. ముందు తోరా, దానిమీద పదకొండో శతాబ్దపు పండితుడు రాషి వ్యాఖ్య, ఆ తర్వాతే రాతప్రతులు.

గోదారిగట్టు: ఇద్దరూ ఉద్యోగం సంగతి వదిలేశారు! జర్మనీ విశ్వవిద్యాలయాల్లో పరిశోధకుల తాత్కాలిక ఉద్యోగ ఒప్పందాలకి చట్టం ఇచ్చే గడువు మామూలుగా డాక్టరేట్‌కి ముందు 6 ఏళ్ళు, తర్వాత 6. మూడేళ్ళ ఫెలోషిప్‌లో ఒక ఏడు అక్షరాలు దిద్దడానికే పోతే థీసిస్ ఎప్పుడు రాస్తారు? హీబ్రూ ఎంఏలోనే మొదలుపెట్టాలి. అమెరికాలో చరిత్ర శాఖ యూరప్ సర్వే కోర్సు చెప్పగలరా అని చూస్తుంది, యూదు అధ్యయనాల శాఖ హీబ్రూ మూలపాఠం చదివించగలరా అని అడుగుతుంది. జర్మన్ ఒక్కటే ఉంటే రెండో తలుపు దాదాపు మూసుకున్నట్టే.

చరిత్రపిచ్చి: ఉద్యోగం కోసమంటే ఒప్పుకుంటా. జర్మన్‌లో, ఇంగ్లీషులో రాసిన హన్నా ఆరెంట్ మీద థీసిస్‌కి మాత్రం రాషి లిపి ఎందుకో ఇంకా చెప్పలేదు మీరు.