ప్లేనో ఈస్ట్, జాన్ టైలర్ మ్యాచ్‌లో మూడు ఆన్‌సైడ్ కిక్కులు

ప్రశ్న: డాలస్ దగ్గర హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్న మా అబ్బాయి కిక్‌ఆఫ్ (ఆట మొదట్లోనూ, పాయింట్లు వచ్చాకా బంతిని ప్రత్యర్థివైపు తన్నడం) సమయంలో మాత్రమే మైదానంలోకి దిగుతాడు. ఆ కొద్ది క్షణాలు మ్యాచ్‌ను మలుపు తిప్పిన సందర్భం ఏదైనా ఉంటే పెద్దలు తెలియజేయగలరు.

మొదటి జవాబు: 1994 నవంబరు 26న టెక్సాస్ స్టేడియంలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌ను మించినది నాకు తెలిసి లేదండీ. సుమారు మూడు నిమిషాలే మిగిలి ఉండగా జాన్ టైలర్ హైస్కూలు జట్టు చేతిలో 41-17తో వెనుకబడిన ప్లేనో ఈస్ట్ హైస్కూలు, టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి పాయింట్లు పొందడం) చేసిన వెంటనే బంతిని దూరంగా తన్నకుండా దగ్గరలోనే పడేలా తన్ని (దీన్నే ఆన్‌సైడ్ కిక్ అంటారు), అలా మూడుసార్లు దాన్ని తిరిగి చేజిక్కించుకొని, 24 సెకన్లు ఉందనగా 44-41 ఆధిక్యం సాధించింది.

అడిగినవారు: తన్నిన జట్టే బంతిని పట్టుకోవచ్చా?

రెండవ జవాబు: పట్టుకోవచ్చు, అయితే బంతి 10 గజాలు వెళ్లాలి, లేదా అంతకుముందే ప్రత్యర్థి దాన్ని తాకాలి. పైవారు కథను సగంలోనే ఆపేశారు. ఆధిక్యం రాగానే ప్లేనో ఈస్ట్ ఈసారి బంతిని దూరంగా తన్నింది. టైలర్ ఆటగాడు దాన్ని తమ గోల్ గీతకు మూడు గజాల ముందు అందుకొని, 97 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. టైలర్ 48-44తో గెలిచింది.

మూడవ జవాబు: ఆ మూడు గజాల సంగతి మీ అబ్బాయికి చెప్పండి. చాలా రాష్ట్రాల హైస్కూలు నిబంధనల ప్రకారం తన్నిన బంతి గోల్ గీత దాటితే దానితో పరుగెత్తే వీలుండదు. కళాశాల నిబంధనలను అనుసరించే టెక్సాస్‌లో మాత్రం గీత వెనుక నుంచి కూడా పరుగెత్తవచ్చు.