"ఓ స్త్రీ రేపు రా": దయ్యానికి వ్యాకరణం వచ్చా?

తొంభైల్లో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ వాక్యాన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. రాత్రిపూట ఆడదయ్యం తిరుగుతోందని, తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికి తలుపు తీస్తే ఇక అంతేనని పుకారు. దానికి విరుగుడుగా సుద్దతోనో జాజుతోనో బొగ్గుతోనో తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. దయ్యం సంగతి చాలామంది చెప్పేశారు గానీ, ఈ నాలుగు మాటల్లో ఎంత పకడ్బందీ ఉందో ఎవరూ పట్టించుకోలేదనిపిస్తుంది నాకు.

ముందు "ఓ". బళ్లో బట్టీ పట్టిన విభక్తుల్లో చిట్టచివరిది, ఓ, ఓయి, ఓరి, ఓసి, సంబోధన ప్రథమ. బాగానే ఉంది. కానీ పేపర్లో "ఓ మహిళ", "ఓ వ్యక్తి" అంటే ఒక మహిళ, ఒక వ్యక్తి అని కదా. దయ్యం గనక రోజూ జిల్లా పేజీ చదివే రకమైతే "ఒక స్త్రీ మాత్రం రేపు రావాలి" అనుకుని, ఆ ఒక్కరు ఎవరని మర్రిచెట్టు కింద దయ్యాలన్నీ పంచాయితీ పెట్టుకునేవి, తెల్లారేదాకా తెగేది కాదు.

"స్త్రీ" దగ్గర నాకు కొంచెం అభ్యంతరం. మన దగ్గర ఇంట్లో ఎవరంటారు ఆ మాట? ఆడామె అంటాం, ఆడమనిషి అంటాం. గోడ మీద రాసేది బడి భాషలోనే ఉండాలని ఎవరికో పట్టింపు ఉన్నట్టుంది. పైగా రాసింది ఎక్కువగా పిల్లలే, కాబట్టి సగం తలుపుల మీద "స్ర్తీ" అయి ఉంటుంది, తకారం కిందికి రకారం పైకి. ఎవరైనా నోటికొచ్చినట్టు "ఇస్త్రీ" అని రాసి ఉంటే దయ్యం లోపలికి, బట్టలు తెచ్చిన ఇస్త్రీ ఆయన వెనక్కి.

అసలు మజా అంతా "రేపు"లో ఉంది. ఎప్పుడు చదివినా అది మరుసటి రోజే, కిరాణం కొట్టులో "నేడు నగదు రేపు అరువు" బోర్డు ఎన్నేళ్లయినా పాతబడనట్టు. ఇంకో సంగతి, పాత తెలుగులో రేపు అంటే తెల్లవారుజాము. రేపకడ, రేపుమాపు అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా మిగిలే ఉంది. అంటే దయ్యం కావ్యాలు చదివిన పండితురాలే అనుకుందాం, "ఓహో, తెల్లవారుజామున రమ్మంటున్నారు" అని అన్వయం చెప్పుకుంటుంది, తీరా ఆ వేళకు కోడి కూస్తుంది, ఎక్కడిదక్కడ మాయం కావాల్సిందే. కొత్త అర్థంలోనూ రాలేదు, పాత అర్థంలోనూ రాలేదు. ఈ వాక్యం కట్టినవాళ్లెవరో గానీ రెండు తలుపులూ గడియ పెట్టారు.

"రా" ఏకవచనం కావడం కూడా మంచిదే అయింది. మర్యాదకు పోయి "రాండ్రి" అని రాస్తే పెండ్లి పిలుపు అనుకుని చుట్టాలందరినీ వెంటేసుకుని దిగేది.

ఒకటే గుంజాటన. ఈ మందు పని చేయాలంటే దయ్యానికి చదువు రావాలి. 1991 జనాభా లెక్కల నాటికి మహబూబ్‌నగర్ జిల్లాలో చదువు వచ్చినవాళ్లు మూడో వంతు కూడా లేరు, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. బతికినన్నాళ్లు పలక పట్టని మనిషికి చచ్చాక అక్షరాలు ఎట్లా వస్తాయి? అప్పట్లో వయోజనుల కోసం రాత్రి బడులు నడిచాయి కదా, అక్కడ వెనక వరుసలో కూర్చున్న కొత్త మొహం ఎవరో పంతులు గారు హాజరు సరిగా చూసుకున్నట్టు లేదు.

*దేవరకొండ నుంచి ఒక సార్:* నల్లగొండ పాత బస్తీలో ఉర్దూలో రాస్తే ఏమయ్యేదో? "కల్" అంటే నిన్నా అదే, రేపూ అదే.

*నేను:* సార్, ఉర్దూలో "ఆ" అంటే రా, అట్లా రమ్మన్నాక "కల్" రేపే అవుతుంది, నిన్నటికి ఎవరినీ పిలవలేం. కానీ దయ్యం తగాదాకోరుదైతే "నిన్ననే వచ్చి పోయిన, మీరే తలుపు తీయలే" అని గడపలో కూర్చుంటుంది.

*మక్తల్ అక్క:* మాకు కన్నడ దేశం పక్కనే కదా తమ్మీ. అక్కడ "నాళె బా" అంటే రేపు రా, అంతే రాశారు. ఓ లేదు, స్త్రీ లేదు. దయ్యం రాయచూరు నుంచి ఇటు వచ్చేసరికి సంబోధన తోడైందా?

*నేను:* ఎటు నుంచి ఎటు వచ్చిందో తేల్చలేం గానీ అక్కా, కన్నడంలో ఎవరిని రమ్మన్నారో చెప్పలేదు కాబట్టి పాలాయన కూడా రేపే రావాలి. మనవాళ్లు పేరు పెట్టకపోయినా కనీసం ఆడో మగో తేల్చారు.

*దేవరకొండ సార్:* మరి "సోమవారం రా" అని రాసిన తెలివిగల్లోళ్లు ఉంటే?

*నేను:* ఆదివారం సాయంత్రం బస్సుకే అత్తగారింటికి పోవాలి సార్. తాళం వేసిన తలుపు మీద మళ్లీ "మంగళవారం దాకా ఊళ్లో లేము" అని రాసి పోతే దొంగలకు తెలిసిపోతుంది, వాళ్లకు చదువు తప్పకుండా వచ్చి ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో ఎవరూ తేదీ జోలికి పోలేదని నా అనుమానం. మండలాఫీసులో పాసుబుక్కు కోసం తిరిగినవాళ్లకు "రేపు రా" అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు కదా, ఈ వాక్యం కట్టింది వాళ్లలో ఒకరే అయి ఉండాలి. "ఎల్లుండి రా" అని రాసిన ఊరు ఎవరికైనా తెలిస్తే కింద చెప్పండి, ఆ ఊరి ధైర్యం గురించి వేరే మాట్లాడుకోవాలి.