పాత తెలుగు నవలల్ని మళ్ళీ అచ్చేసేటప్పుడు అక్షరం ముట్టుకోవచ్చా?

మారేడు
కాపీరైటు తీరిపోయిన నవలలు ఏటా పెరుగుతున్నాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్క. ఆ లెక్కన చిలకమర్తి (మరణం 1946) 2007లో, అడివి బాపిరాజు (1952) 2013లో, ఉన్నవ లక్ష్మీనారాయణ (1958) 2019లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1961) 2022లో, గోపీచంద్ (1962) 2023లో అందరి సొత్తయ్యారు. చిన్న ప్రచురణకర్తలు వీటిని మళ్ళీ వేస్తున్నారు, వేయాలి కూడా. తగువంతా పాఠం దగ్గరే, అంటే లోపల అచ్చయ్యే మాటలు ఎలా ఉండాలన్న దగ్గరే.

నా వాదన ఇది. అరసున్నలు (ఁ) తీసేయాలి. బండి ర (ఱ) ఉన్నచోట మామూలు ర పెట్టాలి. సంధులు విడగొట్టాలి, రెండు పేజీల పొడవున్న పేరాల్ని ముక్కలు చేయాలి. 1880లో పుస్తకంగా వచ్చిన రాజశేఖర చరిత్రముని ఇవాళ ఇరవై ఏళ్ళ పాఠకుడు అప్పటి అచ్చులో మొదటి పేజీ దాటలేడు. నవల ఉన్నది చదివించుకోవడానికి. భిన్నాభిప్రాయాలు చెప్పండి.

పాఠాంతరం
మారేడు గారూ, మీరు నాలుగు వేర్వేరు పనుల్ని ఒకే మూటలో కట్టారు. విడదీసి చూస్తే సగం తగువు ఉండదు, మిగతా సగం ఇంకా గట్టిపడుతుంది.

మొదటిది లిపి. పాత అచ్చులో ధర్మము అన్న మాట ధమ౯ము అని ఉంటుంది, వలపలగిలకతో, అంటే పొల్లు ర్‌కి బదులు అక్షరం పక్కన వచ్చే ౯ లాంటి గుర్తుతో. దాన్ని ధర్మము అని వేస్తే పోయేదేమీ లేదు, పలుకు అదే. నకారపొల్లు, అంటే పొల్లు న్‌కి వాడిన పాత గుర్తు, కూడా అంతే. రెండోది వర్ణక్రమం, అంటే అరసున్న, ఱ. మూడోది పదరూపం. క్రొత్త, వెళ్ళెదను, చేసినాఁడు లాంటివి. నాలుగోది వాక్యం, పేరా. మొదటిదాని మీద ఎవరికీ పేచీ లేదు. మూడు, నాలుగు ముట్టుకుంటే అది పునర్ముద్రణ కాదు, తిరగరాత. అట్ట మీద అలా చెప్పి వేసుకోవాలి.

ఇక రెండోది. ఏడు అంటే సంఖ్య, ఏఁడు అంటే సంవత్సరం. వాడు అంటే వాడిపోవడం, వాఁడు అంటే ఆ మనిషి. ఏరు అంటే ఏరుకోవడం, ఏఱు అంటే నది. అఱుగు అంటే అరగడం, అరుగు అంటే వెళ్ళడం, ఇంటి ముందు కూర్చునేదీ అదే. ఆ గుర్తులు వ్యాకరణ పండితుల అలంకారం కాదు, ఒక కాలపు తెలుగు వాళ్ళు మాటల్ని వేరుచేసుకున్న పద్ధతి.

వాడుకభాష
సందర్భం చూస్తే చాలదా? "ఏరు దాటి వచ్చాడు" అంటే ఏరుకోవడం అనుకునే పాఠకుడు ఎవరూ లేరు. పద్యంలో శ్లేష ఉంటే అరసున్న కావాలి. నవలలో ఎంతమందికి కావాలి?

ఇంకొకటి. ఆ అరసున్నలన్నీ రచయితవే అని ఎలా అంటాం? చాలాచోట్ల అచ్చుకూటంలో కంపోజిటరూ ప్రూఫులు దిద్దిన పండితుడూ కలిసి పెట్టినవే. ఒకే పుస్తకంలో ఒక పేజీలో వాఁడు, ఇంకో పేజీలో వాడు కనబడుతుంది. పరిశోధకులకి స్కానులు ఉన్నాయి, గ్రంథాలయాల్లో ప్రతులు ఉన్నాయి. పుస్తకాల కొట్టుకి వచ్చే మనిషికి శుభ్రమైన పాఠం ఇవ్వడం తప్పెలా అవుతుంది? వాడుక భాష కోసం గిడుగు చేసిన పోరాటం కూడా ఇదే కదా.

పాఠాంతరం
గిడుగు పేరు మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. ఆయన పోరాడింది ఇప్పుడు రాసేవాళ్ళు వాడుకలో రాయాలని. పాతవాళ్ళు రాసినదాన్ని మార్చమని కాదు. పైగా గద్యచింతామణిలో ఆయన చేసిన పని చూడండి. పాత వచనాన్ని పోగుచేసి, ఇదిగో వాడుక రూపాలు మన పెద్దలు రాసినవే అని చూపించాడు. ఆ రూపాల్ని తప్పులనుకుని అచ్చులో దిద్దేస్తే ఆయనకి ఆధారమే మిగిలేది కాదు. ఇవాళ మనం చేయబోయేదీ అలాంటి దిద్దుబాటే, దిశ మాత్రం వేరు. అప్పుడు గ్రాంథికం వైపు దిద్దారు, ఇప్పుడు పత్రికల తెలుగు వైపు దిద్దుతున్నాం.

చలం వొచ్చాడు, వొద్దు అని రాశాడు. ఇది అచ్చుతప్పు కాదు, చెవికి వినబడింది రాయడం. ఆయన రచనలు 2040 జనవరిలో కాపీరైటు దాటతాయి. ఆ రోజు ఎవరో వెతుకు-మార్చు కొట్టి అన్నిటినీ వచ్చాడు, వద్దు చేస్తే ఆ గొంతు పోతుంది. ఉన్నవ రాసిన మాలపల్లిలో గుంటూరు సీమ మాటలు ఉన్నాయి. వాటిని సవరిస్తే ఆ నవల గొప్పతనంలో పెద్ద ముక్క పోయినట్టే.

కంపోజిటర్ సంగతి మీరు అన్నది నిజం. అందుకే ఒక్క ప్రతి చూసి అచ్చేయకూడదు. కన్యాశుల్కం నాటకం 1897లో 5 అంకాలు, 1909లో 7 అంకాలు. రెండూ గురజాడవే. 1969లో పరిశోధకుడు బంగోరె మొదటి కూర్పుని మళ్ళీ అచ్చువేసేదాకా ఎక్కువమంది పాఠకులకి తెలిసింది రెండోదే. ఏ కూర్పు నుంచి వేస్తున్నామో చెప్పని పునర్ముద్రణ అరసున్న తీసేసిన పుస్తకం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

గిలక
ఇద్దరూ మరిచిపోతున్న విషయం ఒకటుంది. అరసున్న, ఱ ఉంచితే ఎప్పుడైనా తీయగలం. తీసేస్తే మళ్ళీ పెట్టలేం. కాబట్టి ఫైలు ఒకటే ఉండాలి, అందులో అన్నీ ఉండాలి. చదువరుల ప్రతి కావాలంటే దాని నకలు నుంచి అరసున్న తీసేయడం ఒక నిమిషం పని. ఇది ఎవరూ చేయరు, ఎందుకంటే డీటీపీకి ఇచ్చేటప్పుడే "పాత గుర్తులు వద్దు" అని చెప్పేస్తారు. తగువు అక్కడే మొదలవుతుంది, అక్కడే తీర్చుకోవచ్చు.

పని జరగాల్సిన తీరు ఇది. ముందు మూలప్రతి ఎంచుకోవాలి: రచయిత బతికుండగా వచ్చిన చివరి కూర్పు, లేదా మొదటి కూర్పు. ఏదైనా సరే, కారణం ఉండాలి. నిషేధం దెబ్బ తిన్న పుస్తకమైతే చివరి కూర్పు అన్న సూత్రం పనికిరాదు. మాలపల్లి 1922లో వచ్చింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, కోతలతో అచ్చయిన దశ కూడా ఉంది. అలాంటప్పుడు ముందటి అచ్చు దొరికి తీరాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, చెన్నై కన్నెమరా, ఈ నాలుగు చోట్లా అడగకుండా "ప్రతి దొరకలేదు" అని రాయకూడదు.

తర్వాత ఆ ప్రతి చివర తప్పొప్పుల పట్టిక ఉందేమో చూడాలి. ఉంటే టైపు మొదలుపెట్టే ముందే పెన్సిలుతో నకలు కాగితాల మీద ఎక్కించాలి. దీన్ని వదిలేసి, రచయిత స్వయంగా దిద్దుకున్న తప్పుల్ని నూరేళ్ళ తర్వాత మళ్ళీ అచ్చువేసిన పుస్తకాలు ఉన్నాయి.

స్కానులోని అక్షరాల్ని యంత్రం చేత చదివిస్తే (ఓసీఆర్) వలపలగిలకని యంత్రం తొమ్మిది అంకె అనుకుంటుంది. కాబట్టి తెలుగు అక్షరాల మధ్య అంకె ఉన్న ప్రతిచోటా వెతకండి. మ, య తారుమారైతే చాలాసార్లు అర్థంలేని మాట వచ్చి కంటికి తగులుతుంది. ప, వ తారుమారైతేనే ప్రమాదం. వాడు, పాడు రెండూ మాటలే. ద, ధ, థ కూడా అంతే. అక్షరదోషాలు చూసే సాఫ్ట్‌వేర్ వీటిని పట్టదు. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు మూలం చూడాలి. కామా, ఫుల్‌స్టాప్ కూడా పైకి చదవాలి. గంటకి 10 పేజీలు మించితే కన్ను ముందుకు దూకుతుంది. 304 పేజీల నవలకి ఒక విడతకి 30 గంటలు, రెండు విడతలు తప్పవు.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత ఫైలుని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కన్వర్టర్ పట్టికలో అరసున్నకి జత లేకపోతే అది మాయమవుతుంది. వేరే అక్షరం అయినా కావచ్చు. మార్చేముందు అరసున్నలు ఎన్ని, మార్చాక ఎన్ని లెక్కపెట్టండి. రెండు అంకెలు కలవకపోతే ఆ ఫైలు పక్కన పెట్టండి.

సంధులు విడగొట్టడం గురించి మారేడు గారికి ఒక్క ఉదాహరణ. వచ్చెనని అన్నదాన్ని "వచ్చెను అని" చేయడానికి పుస్తకమంతా "నని" ఉన్నచోట "ను అని" పెట్టించారనుకోండి. "మాట వినని కొడుకు" కాస్తా "మాట విను అని కొడుకు" అవుతుంది. వాక్యం నిలబడినట్టే ఉంటుంది, అర్థం తలకిందులవుతుంది. ప్రూఫులో దొరకదు.

కౌంటరు
అమ్మే వైపు నుంచి. ఒకే నవల మూడు ప్రచురణల్లో బల్ల మీద ఉంటుంది. కొనేవాళ్ళు అడిగేది "ఏది మంచిది?" అని. జవాబు చెప్పడానికి పుస్తకంలో ఏ ఆధారమూ ఉండదు. మూడిట్లోనూ "ప్రథమ ముద్రణ" అనే ఉంటుంది, ఈ ప్రచురణకర్తకి ప్రథమం అన్న అర్థంలో. అసలు నవల ఏ సంవత్సరానిదో, ఏ కూర్పు నుంచి తీశారో ఉండదు. ఇందులో కుదించిన ప్రతి ఒకటి కలిసిందంటే ఇంకా ఘోరం. పాత ప్రతి 400 పేజీలు, కొత్తది 220. అక్షరం చిన్నదనుకుంటారు.

ప్రచురణకర్తలు మూడు పనులు చేస్తే చిన్న కొట్లు ఆ పుస్తకాన్ని ధైర్యంగా చేతికివ్వగలవు. అట్ట మీదే యథాతథం, సరళీకృతం, సంక్షిప్తం అన్న మూడిట్లో ఒక మాట ఉండాలి. పాఠం మారితే కొత్త ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, తీసుకోవాలి. మన దేశంలో అది ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ సంస్థ ఇస్తుంది. పాత నంబరు మీదే మారిన పాఠం వేస్తే ఆర్డరు పెట్టినది ఒకటి, వచ్చేది ఒకటి. మూడోది, పాఠం గురించి వివరం వెనక పేజీల్లో కాదు, కాపీరైటు పేజీకి ఎదురుగా ఉండాలి. నిలబడి తిరగేసేవాళ్ళు చూసేది అక్కడే.

ఖర్చు అంటారేమో. పాఠాంతరాలకీ (కూర్పుల మధ్య తేడాలకీ) కఠిన పదాలకీ 16 పేజీలు, అంటే ఒక్క ఫారం పెరుగుతుంది. డెమ్మీ 1/8 సైజులో, 70 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 70 గ్రాముల) కాగితం మీద అది పుస్తకానికి 17 గ్రాములు. పేజీకి 40 పైసలు వేసుకున్నా 6 రూపాయల 40 పైసలు. ధర 300 పెట్టి 35 శాతం కొట్టుకి వదిలితే ప్రచురణకర్త చేతికి 195 వస్తుంది. అందులో ఇది పెద్ద బరువు కాదు. అసలు ఖర్చు గిలక గారు చెప్పిన 60 గంటలది. అక్కడ మిగుల్చుకోవాలని చూస్తేనే పుస్తకం పాడవుతుంది.

మారేడు
గిలక గారి "వినని" ఉదాహరణ నా వాదనలో ఒక కాలు విరగ్గొట్టింది. సంధుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అరసున్న మాత్రం చదువరుల ప్రతిలో వద్దనే అంటాను, మూల ఫైలులో ఉంచి.

ఇంకో ప్రశ్న. పాత నవలల్లో కులాల్ని కించపరిచే మాటలు పాత్రల నోటే కాదు, కథకుడి నోటా వస్తాయి. బడి గ్రంథాలయాలకి వెళ్ళే పుస్తకంలో వాటిని ఏం చేయాలి?

పాఠాంతరం
ఉంచాలి. మాలపల్లి అన్న పేరులోనే కులం ఉంది, అది తీస్తే ఏం మిగిలింది? అవమానం ఏ మాటల్లో జరిగేదో దాచిపెడితే ఆ నవల దేనికి ఎదురు తిరిగిందో కూడా దాగిపోతుంది. కథకుడే అలా మాట్లాడిన చోట ముందుమాటలో సూటిగా చెప్పండి, ఫలానా అధ్యాయంలో ఫలానా దృష్టి ఉంది అని. పిల్లలకి పాఠంగా పెట్టాలనుకుంటే భాగాలు ఎంచుకోండి, వాక్యాలు మార్చకండి.

వాడుకభాష
ఇక్కడ నేనూ పాఠాంతరం గారి వైపే.

చట్టం సంగతి కూడా చూడండి. కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనని వికృతం చేస్తే అడ్డుచెప్పే హక్కు ఉంది. 2012 సవరణలో దానికి కాపీరైటు గడువుతో ఉన్న ముడి తీసేశారు, వారసులు అడగవచ్చు. అరసున్న తీస్తే గౌరవభంగం అని ఎవరూ అనరు. అధ్యాయాలు కోసి పాత పేరుతోనే అమ్మితే మాత్రం అది వేరే సంగతి.

గిలక
కౌంటరు గారు అడిగిన పేజీకి ఒక నమూనా రాశాను, ఎవరైనా వాడుకోవచ్చు. ఖాళీలు మీ పుస్తకాన్ని బట్టి నింపుకోండి:

"ఈ పాఠానికి ఆధారం ____లో అచ్చయిన ____ కూర్పు, ప్రతి ____ గ్రంథాలయంలోనిది. ____ నాటి కూర్పుతో పోల్చాం, తేడాలు ____ పేజీలో ఉన్నాయి. మూలంలోని తప్పొప్పుల పట్టిక ప్రకారం ____ చోట్ల దిద్దాం. వలపలగిలక, నకారపొల్లు నేటి లిపిలోకి మార్చాం. అరసున్నలు తీసేశాం / ఉంచాం. పదరూపాలు, సంధులు, పేరాలు మూలంలో ఉన్నట్టే ఉన్నాయి. అచ్చుతప్పులని మేము భావించి దిద్దినవి ____. వాటి జాబితా ____ పేజీలో."

పాఠాంతరం
విరామచిహ్నాలు కూడా చేర్చండి. పాత అచ్చుల్లో సంభాషణకి చాలాచోట్ల కొటేషన్ గుర్తులు ఉండవు. మనం పెడితే ఎవరి మాట ఎక్కడ ఆగిందో మనమే తేల్చినట్టు.

గిలక
చేర్చాను: "సంభాషణ గుర్తులు మావి. అనుమానం ఉన్నచోట పెట్టలేదు."

వాడుకభాష
ఈ పేజీకి నాకు అభ్యంతరం లేదు. "తీసేశాం / ఉంచాం" దగ్గర నా పుస్తకమైతే తీసేశాం అనే ఉంటుంది.

పాఠాంతరం
నాదైతే ఉంచాం అని ఉంటుంది. కౌంటరు గారూ, రెండూ పక్కపక్కన పెట్టండి.